క్యాన్సర్ రిపోర్టుకు ఆధారం నాలుగు మైక్రాన్ల పొర

క్యాన్సర్ నిర్ధారణలో కృత్రిమ మేధ గురించి ఇప్పుడు తరచూ వార్తలు వస్తున్నాయి. స్లైడు ఫొటోను కంప్యూటరే చదివేస్తుందని, పాథాలజిస్టు కంటికి తప్పిపోయిన మచ్చను కూడా పట్టేస్తుందని చెబుతున్నారు. ఆ స్లైడు ఎలా తయారవుతుందన్న సంగతి మాత్రం ఈ వార్తల్లో దాదాపు కనిపించదు. దేశంలోని అత్యధిక ల్యాబ్‌లలో దాన్ని ఇప్పటికీ ఒక టెక్నీషియన్ చేత్తోనే తయారు చేస్తున్నారు. మైనంలో పొదిగిన కణజాలాన్ని మైక్రోటోమ్ అనే కోత యంత్రానికి బిగించి, చక్రం తిప్పుతూ, సుమారు నాలుగు మైక్రాన్ల మందంతో పొరలు తీస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, ఈ పొర అందులో పదిహేడో వంతు ఉంటుంది.

ఐసీఎంఆర్ ఆధ్వర్యంలోని జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం అంచనా ప్రకారం 2022లో దేశంలో కొత్తగా 14.6 లక్షల మంది క్యాన్సర్ బారిన పడ్డారు. గడ్డ క్యాన్సరా కాదా, అయితే ఏ రకం, ఏ మందుకు లొంగుతుంది అన్న ప్రశ్నలకు గట్టి జవాబు చాలావరకు ఈ పొర నుంచే రావాలి. స్కాన్ అనుమానాన్ని చెబుతుంది, నిర్ధారించేది స్లైడు. ఆయుష్మాన్ భారత్ వంటి పథకాల కింద క్యాన్సర్ చికిత్సకు అనుమతి కోరాలన్నా బయాప్సీ రిపోర్టు జతచేయాలి. రిపోర్టు వారం ఆలస్యమైతే చికిత్స కూడా వారం వెనక్కి పోతుంది. ముక్క పాడైతే రోగి మళ్లీ సూది కిందకు వెళ్లాల్సి వస్తుంది.

ఈ కోత పనిని సెన్సర్లు, కెమెరాలు, మోటార్ల సాయంతో యంత్రానికి అప్పగించే ప్రయత్నాలు అమెరికా, జపాన్‌లలో మార్కెట్ దాకా వచ్చాయి. నేడో రేపో ఆ యంత్రాలు ఇక్కడి పెద్ద ఆసుపత్రుల టెండర్లలోనూ కనిపిస్తాయి. అప్పుడు వాటిని ఎందుకు కొంటున్నామన్న ప్రశ్న తేలాలి. టెక్నీషియన్ల సంఖ్య తగ్గించుకోవడానికైతే అది ఇక్కడ గిట్టుబాటు కాని బేరం. చిన్న కణజాలపు ముక్క వృథా కాకుండా చూడటానికి, ప్రతి కోతనూ కొలిచి నమోదు చేయడానికి అయితే, అందులో చాలా భాగం ఖరీదైన రోబో లేకుండానే ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.

ముక్క నుంచి స్లైడు దాకా

ఆపరేషన్ థియేటర్‌లోనో, సూదితోనో తీసిన కణజాలం ముందుగా ఫార్మలిన్ సీసాలో పడుతుంది. కణాలు కుళ్లిపోకుండా ఫార్మలిన్ వాటిని ఉన్నవి ఉన్నట్టు నిలిపి ఉంచుతుంది. ల్యాబ్‌కు చేరాక పాథాలజిస్టు పరిశీలించి, అవసరమైన భాగాలను చిన్న ప్లాస్టిక్ క్యాసెట్లలో పెడతారు. అవి రాత్రంతా యంత్రంలో ఆల్కహాల్, జైలీన్ ద్రావణాల మీదుగా వెళ్లి, చివరకు సుమారు 60 డిగ్రీల వద్ద కరిగిన మైనంలో నానుతాయి. కణజాలంలో నీరున్న చోటల్లా మైనం చేరుతుంది. తర్వాత దాన్ని అచ్చులో పోసి చల్లబరిస్తే చిన్న దిమ్మె తయారవుతుంది. ల్యాబ్‌లలో దాన్ని బ్లాక్ అంటారు.

ఇక్కడి దాకా చాలా పని ఇప్పటికే యంత్రాల చేతిలో ఉంది. తర్వాత వచ్చే రంగులు అద్దడం, అద్దంపై మూత పెట్టడం కూడా పెద్ద ల్యాబ్‌లలో యంత్రాలే చేస్తాయి. మధ్యలో ఉన్న కోత మాత్రం మనిషి చేతిలోనే ఉండిపోయింది. మైక్రోటోమ్ కొత్త పరికరం కాదు. చక్రం తిప్పితే బ్లాక్ కిందికీ పైకీ కదులుతూ, ప్రతి చుట్టుకూ కొన్ని మైక్రాన్లు కత్తివైపు జరిగే నమూనా 1880లలోనే రూపుదిద్దుకుంది. ఇప్పటి యంత్రాల్లో కత్తి స్థానంలో వాడి పారేసే బ్లేడు వచ్చింది, కొన్నింటిలో మోటారు చేరింది. పని తీరు మాత్రం పెద్దగా మారలేదు.

టెక్నీషియన్ ముందు బ్లాక్‌ను మంచు మీదో, చల్లటి పలక మీదో ఉంచి గట్టిపరుస్తారు. తర్వాత యంత్రానికి బిగించి, మందపాటి పొరలు తీసేస్తూ కణజాలం పూర్తిగా బయటపడే దాకా వెళతారు. దీన్ని ట్రిమ్మింగ్ అంటారు. అప్పుడు మందాన్ని మూడు, నాలుగు మైక్రాన్లకు మార్చి మెల్లగా తిప్పితే పొరలు ఒకదానికొకటి అంటుకుని సన్నటి రిబ్బన్‌లా వస్తాయి. ఆ రిబ్బన్‌ను బ్రష్‌తోనో, చిమటతోనో ఎత్తి, మైనం కరిగే వేడికంటే కాస్త తక్కువ వేడి ఉన్న నీళ్ల తొట్టిలో వదులుతారు. ముడతలు విచ్చుకున్నాక గాజు స్లైడుతో కింది నుంచి ఎత్తుకుంటారు. బ్లాక్ పొడిబారితే దాని మీద నోటితో ఆవిరి ఊదడం కూడా ఈ పనిలో పాత కిటుకే. ఇదంతా పుస్తకంలో చదివి వచ్చే విద్య కాదు, ఏళ్ల తరబడి చేతికి అలవాటు కావాలి.

చేయి తప్పితే ఏమవుతుంది

పొర మందం రెండు మైక్రాన్లు అటూ ఇటూ అయితే ఏమవుతుందని అనిపించవచ్చు. పొర మందమైతే కణ కేంద్రకాలు ఒకదానిపై ఒకటి పడి ముదురు రంగులో కనిపిస్తాయి. మామూలు కణం కూడా అనుమానాస్పదంగా తోచవచ్చు. మరీ పలుచనైతే రంగు వెలిసినట్టు ఉంటుంది. అందుకే పరీక్షను బట్టి మందం మారుతుంది. మూత్రపిండం బయాప్సీకి రెండు, మూడు మైక్రాన్లు కావాలి. అమైలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుందా అని కాంగో రెడ్ రంగుతో చూడాలంటే, ఎనిమిది మైక్రాన్ల దాకా ఉండాలి. అక్కడ పలుచటి పొర తీస్తే ఉన్న జబ్బే కనపడకుండా పోవచ్చు.

మైక్రోటోమ్ మీద నాలుగు అని పెట్టినంత మాత్రాన పొర నాలుగు మైక్రాన్లే వస్తుందన్న హామీ లేదు. ఆ అంకె చెప్పేది బ్లాక్ ఎంత ముందుకు జరిగిందో మాత్రమే. మంచు మీద నుంచి తీసిన బ్లాక్ గది వేడికి కాస్త వ్యాకోచిస్తుంది. అందువల్ల మొదటి పొర అనుకున్నదానికంటే మందంగా రావచ్చు. బ్లేడు మొద్దుబారినా, సరిగా బిగించకపోయినా పొరలో సన్నటి అడ్డగీతలు పడతాయి. బ్లేడుకు గాటు ఉంటే పొర నిలువునా చీలుతుంది. రొమ్ము గడ్డలో కొవ్వు, ఎముక ముక్కలో సున్నం ఉంటే ఒకే బ్లాక్‌లో ఒక చోట మెత్తగా, మరో చోట గట్టిగా ఉంటుంది.

వీటన్నిటికంటే పెద్ద నష్టం ట్రిమ్మింగ్‌లో జరుగుతుంది. ఊపిరితిత్తుల్లోంచి సూదితో తీసిన ముక్క దారప్పోగంత సన్నగా ఉంటుంది. మొదటి స్లైడుతో క్యాన్సర్ అని తేలితే పని అయిపోదు. ఏ రకమో తేల్చే రంగు పరీక్షలు, ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే వంటి జన్యుమార్పుల పరీక్షలు, ఇమ్యునోథెరపీ పనిచేస్తుందా అని చూసే పీడీ-ఎల్1 పరీక్ష, అన్నీ ఆ ముక్కలోంచే జరగాలి. బ్లాక్ కాస్త వంకరగా బిగిస్తే ముఖం సమం చేయడానికే చాలా పొరలు పోతాయి. రెండోసారి, మూడోసారి బ్లాక్‌ను యంత్రానికి ఎక్కించినప్పుడల్లా మళ్లీ సమం చేయాలి, మళ్లీ కొంత పోతుంది. పోయిన కణజాలం తిరిగి రాదు. మందు ఉన్నా, డబ్బు ఉన్నా, ఆ మందు ఈ రోగికి పనిచేస్తుందో లేదో చెప్పే కణజాలం మిగలదు.

మరో రెండు ప్రమాదాలు పైకి చిన్నవిగా కనిపిస్తాయి. నీళ్ల తొట్టిలో ఒకరి కణజాలపు తునక మిగిలిపోయి మరొకరి స్లైడుకు అంటుకోవడం ఒకటి. రద్దీగా ఉన్న వేళ ఒక బ్లాక్ పొరను మరో నంబరు రాసిన స్లైడు మీదకు ఎత్తడం రెండోది. మొదటిదాన్ని అనుభవమున్న పాథాలజిస్టు చాలాసార్లు గుర్తుపడతారు. రెండోది జరిగితే ఇద్దరు రోగుల జీవితాలు తారుమారవుతాయి. ల్యాబ్‌లు ఈ ప్రమాదాల గురించి బహిరంగంగా మాట్లాడటం అరుదు.

సెన్సర్ ఏం చూస్తుంది, ఏం చేస్తుంది

ఈ తప్పుల్లో చాలావాటిని కొలవవచ్చు. ఆటోమేషన్ ఆలోచనకు అదే మూలం. బ్లాక్ ముఖం కత్తికి సమాంతరంగా ఉందా లేదా అన్నది దూరాన్ని కొలిచే సెన్సర్ చెప్పగలదు. మోటార్లు ఆ కొలతను బట్టి బ్లాక్ కోణాన్ని సరిచేయగలవు. కోసేటప్పుడు బ్లేడు మీద పడే బలాన్ని మరో సెన్సర్ కొలుస్తుంది. ఒకే రకం బ్లాక్‌కు బలం పెరుగుతూ పోతుంటే బ్లేడు మొద్దుబారుతోందని అర్థం. బలంలో వణుకు కనిపిస్తే పొరలో అడ్డగీతలు పడుతున్నాయని అనుమానించవచ్చు. బ్లాక్ ఉపరితలం వేడి, నీళ్ల తొట్టి వేడి, గదిలో తేమ ఎప్పటికప్పుడు నమోదవుతాయి.

అన్నిటికంటే ఉపయోగపడేది కెమెరా. ప్రతి కోత తర్వాత బ్లాక్ ముఖాన్ని ఫొటో తీస్తే కణజాలం ఎంతమేర బయటపడిందో తెలుస్తుంది. చాలినంత కనిపించగానే ట్రిమ్మింగ్ ఆపమని యంత్రమే చెప్పగలదు. స్లైడు మీదకు వచ్చిన పొరను బ్లాక్ ఫొటోతో పోల్చి చూస్తే, ఏ మూల తెగిపోయిందో, ఏ తునక అదనంగా చేరిందో పట్టుకోవచ్చు. బ్లాక్ మీది బార్‌కోడ్ చదివాకే స్లైడు మీద పేరు, నంబరు అచ్చయ్యేలా చేస్తే పొరపాటున మారిపోయే అవకాశం బాగా తగ్గుతుంది.

ఈ దిశగా వచ్చిన యంత్రాలు రెండు రకాలు. కొన్ని మనిషి చేతి పనిలో ఒక భాగాన్నే తీసుకుంటాయి. సకురా ఫైన్‌టెక్ సంస్థ ఆటోసెక్షన్ యంత్రం బ్లాక్ ముఖాన్ని తానే సమం చేసుకుని, ట్రిమ్మింగ్ చేస్తుంది. కొన్ని మొత్తం పనినే తీసుకుంటాయి. తీసిన పొరను పలుచటి టేపు మీదకు అంటించి స్లైడుకు చేర్చే యంత్రాలు జపాన్‌లో పదేళ్లకు పైగానే ఉన్నాయి. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో క్లారాపాత్ అనే సంస్థ కోత నుంచి స్లైడు దాకా ఒకే పెట్టెలో జరిగే యంత్రాన్ని రూపొందించింది.

అయితే యంత్రానికి పరిమితులు ఉన్నాయి. మైనం సరిగా ఇంకని బ్లాక్, సున్నం పట్టిన ముక్క, రక్తం గడ్డకట్టిన కణజాలం ఎదురైతే అనుభవమున్న టెక్నీషియన్ వేలికి తెలిసిపోతుంది. ఇంకాసేపు మంచు మీద ఉంచాలా, నీళ్లలో నానబెట్టాలా, బ్లేడు మార్చాలా అని అప్పటికప్పుడు నిర్ణయిస్తారు. యంత్రం అలాంటి చోట ఆగి మనిషిని పిలవాలి. ఆగకుండా కోసేస్తే మాత్రం, ఒక చేతి పొరపాటు ఒక బ్లాక్‌ను పాడుచేస్తే యంత్రం పొరపాటు వరుసగా ఎన్నో బ్లాక్‌లను పాడుచేస్తుంది.

చదివే కంప్యూటర్‌కు స్లైడే పునాది

పాథాలజీ స్లైడ్లను కంప్యూటర్ తెర మీద చూసి రిపోర్టు ఇవ్వడానికి వీలు కల్పించే వ్యవస్థకు అమెరికా ఎఫ్‌డీఏ మొదటిసారి 2017లో అనుమతి ఇచ్చింది. ప్రోస్టేట్ బయాప్సీలో అనుమానించాల్సిన చోటును చూపే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్‌కు 2021లో పచ్చజెండా ఊపింది. అప్పటి నుంచి ఈ రంగంలోకి పెట్టుబడులు వెల్లువెత్తాయి.

కానీ ఈ సాఫ్ట్‌వేర్‌లకు ఒక పాత చిక్కు ఉంది. ఒక ల్యాబ్ స్లైడ్లతో శిక్షణ పొందినది మరో ల్యాబ్ స్లైడ్ల దగ్గర తడబడుతుంది. రంగు గాఢత, స్కానర్‌తోపాటు పొర మందం, ముడతలు కూడా ఇందుకు కారణమే. నెదర్లాండ్స్‌లో నిర్వహించిన కామెలియన్-17 పోటీకి ఉద్దేశపూర్వకంగానే ఐదు వైద్య కేంద్రాల నుంచి స్లైడ్లు సేకరించారు. ఒకే చోటి స్లైడ్ల మీద వచ్చిన ఫలితాన్ని నమ్మలేమన్నది అప్పటికే తెలిసిన విషయం. ముడతపడిన చోట స్కానర్ ఫోకస్ తప్పుతుంది. మందం మారితే రంగు మారుతుంది, రంగు మారితే సాఫ్ట్‌వేర్ లెక్క మారుతుంది. చదవడానికి కోట్లు పెట్టి, చదవాల్సిన దాన్ని మాత్రం ఎప్పటిలాగే వదిలేస్తే ఆ పెట్టుబడిలో చాలా భాగం నీరుగారుతుంది.

బయటి కారణం వేరు, ఇక్కడి అవసరం వేరు

సంపన్న దేశాలు ఈ యంత్రాల వైపు చూడటానికి ప్రధాన కారణం మనుషుల కొరత. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ పాథాలజిస్ట్స్ 2018లో వెలువరించిన సర్వేలో తమకు చాలినంత సిబ్బంది ఉన్నారని చెప్పిన హిస్టోపాథాలజీ విభాగాలు 3 శాతమే. అక్కడ జీతాలూ ఎక్కువే. ఒక యంత్రం ఒకరిద్దరి పని చేస్తే దాని ధర కొన్నేళ్లలో తిరిగి వస్తుంది.

భారత్‌లో ఆ లెక్క కుదరదు. ప్రైవేటు ల్యాబ్‌లలో టెక్నీషియన్ జీతం తక్కువ. విదేశీ యంత్రం ధర మామూలు మైక్రోటోమ్‌కు ఎన్నో రెట్లు ఉంటుంది. దానికి ప్రత్యేక బ్లేడ్లు, టేపులు, ఏటా మరమ్మతు ఒప్పందం తోడవుతాయి. ఇంజినీరు రావడానికి వారం పడితే ఆ వారం యంత్రం మూలన ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కొని, వారంటీ ముగిశాక పాతబడి పడి ఉన్న పరికరాల కథలు కొత్తవి కావు.

ఇక్కడ మరో చిక్కు కోతకు ముందే మొదలవుతుంది. రొమ్ము క్యాన్సర్ గడ్డను తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో వేయాలని, 6 నుంచి 72 గంటల మధ్య అందులో ఉంచాలని అమెరికా వైద్య సంఘాల మార్గదర్శకాలు చెబుతున్నాయి. లేకపోతే హెర్-2 వంటి పరీక్షల ఫలితం తప్పుదారి పట్టవచ్చు. చిన్న పట్టణంలో తీసిన గడ్డ, చాలీచాలని ఫార్మలిన్‌లో బస్సెక్కి నగరంలోని ల్యాబ్‌కు వచ్చే చోట ఈ నియమం ఎంతవరకు నిలుస్తుంది? లోపలి దాకా ఫార్మలిన్ చేరని ముక్కలోకి మైనం కూడా సరిగా ఎక్కదు. దాన్ని ఎంత గొప్ప యంత్రం కోసినా పొర చిరుగుతుంది. వేసవిలో గది వేడికి మైనం మెత్తబడటం, కరెంటు పోయి నీళ్ల తొట్టి చల్లారడం వంటివి దీనికి అదనం.

అలాగని సెన్సర్లే వద్దనుకోవడం పొరపాటు. మొత్తం పనిని యంత్రానికి ఇవ్వడం, పనిలో ప్రతి దశను కొలవడం రెండూ ఒకటి కావు. మొదటిదానికి భారీ ఖర్చు కావాలి. రెండోదానికి కావాల్సిన బార్‌కోడ్ రీడర్లు, ఉష్ణోగ్రత నమోదు పరికరాలు, చిన్న కెమెరాలు, బలాన్ని కొలిచే సెన్సర్లు ఏ ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌లోనైనా దొరికేవే. ఉన్న మైక్రోటోమ్‌ల పక్కనే వాటిని అమర్చవచ్చు.

ఏది ముందు అన్నదాన్ని రోగికి జరిగే నష్టం బట్టి నిర్ణయించాలి. పేర్లు మారిపోయే ప్రమాదాన్ని తగ్గించే బార్‌కోడ్ మొదట రావాలి. ఫార్మలిన్‌లో ఎప్పుడు పడింది, ఎప్పుడు తీశారు అన్నది కూడా అదే బార్‌కోడ్‌కు జతచేయవచ్చు. తర్వాత తొట్టి, చల్లటి పలక ఉష్ణోగ్రతల నమోదు, ఒక్కో బ్లేడుతో ఎన్ని బ్లాక్‌లు కోశారన్న లెక్క. ఆపైన బ్లాక్ ముఖాన్ని ఫొటో తీసే కెమెరా. తానే సమం చేసుకునే మైక్రోటోమ్ ఆ తర్వాత, అదీ సన్నటి బయాప్సీలు ఎక్కువగా వచ్చే కేంద్రాలకు. పూర్తి రోబో చివరిది. రోజుకు వందల కొద్దీ బ్లాక్‌లు ఒకే తీరుగా కోయాల్సిన చోట తప్ప దానికి ఇప్పుడు పని లేదు.

పెద్ద కేంద్రాల చుట్టూ చిన్న ల్యాబ్‌లు

2025-26 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో క్యాన్సర్ డే కేర్ కేంద్రాలు ఏర్పాటు చేస్తామని, ఆ ఒక్క ఏడాదే 200 కేంద్రాలు తెస్తామని ప్రకటించారు. కీమో జిల్లాలో దొరికితే రోగికి ప్రయాణ ఖర్చు తగ్గుతుంది. కానీ కీమో మొదలు కావాలంటే ముందు రిపోర్టు రావాలి. జిల్లాలో గడ్డ తీస్తే బ్లాక్ ఎక్కడ కోస్తారు, స్లైడు ఎవరు చదువుతారు అన్న ప్రశ్నకు కూడా అంతే స్పష్టమైన జవాబు కావాలి.

టాటా మెమోరియల్ కేంద్రం సమన్వయంతో 2012లో మొదలైన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లో ఇప్పుడు దేశవ్యాప్తంగా 300కు పైగా కేంద్రాలు, సంస్థలు ఉన్నాయి. మందులను ఉమ్మడిగా కొని ధర తగ్గించిన అనుభవం ఈ గ్రిడ్‌కు ఉంది. ల్యాబ్ పరికరాలకూ అదే దారి పనికొస్తుంది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే, విశాఖ దగ్గరి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి కేంద్రాలకు చుట్టుపక్కల జిల్లాల నుంచి బ్లాక్‌లు వస్తుంటాయి. బయట తయారైన బ్లాక్‌ను మళ్లీ కోయాల్సి వచ్చినప్పుడే కణజాలం ఎక్కువగా పోతుంది. బ్లాక్‌తోపాటు దాని ముఖం ఫొటో, ఇప్పటిదాకా ఎన్ని మైక్రాన్లు తీశారన్న లెక్క కూడా వస్తే రెండో ల్యాబ్ జాగ్రత్తపడుతుంది.

పొరుగు దేశాల పరిస్థితీ ఇంచుమించు ఇదే. నేపాల్‌లో భరత్‌పూర్, బంగ్లాదేశ్‌లో ఢాకా, శ్రీలంకలో మహరగామ క్యాన్సర్ ఆసుపత్రుల మీద దూర ప్రాంతాల రోగులు ఆధారపడతారు. అక్కడి రోగుల్లో కొందరు బ్లాక్‌లు చేత పట్టుకుని చికిత్సకు భారత్‌కే వస్తారు. వేడి, కరెంటు, దూరం, డబ్బు అన్న నాలుగు సమస్యలూ ఉమ్మడివే. వీటిని తట్టుకునే పరికరం ఇక్కడ తయారైతే దానికి మార్కెట్ సరిహద్దు దగ్గరే ఆగదు.

తయారీకి అవకాశం

వైద్య పరికరాల్లో దేశం ఇంకా ఎక్కువగా దిగుమతుల మీదే ఆధారపడి ఉంది. 2020లో ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాలు, 2023లో జాతీయ వైద్య పరికరాల విధానం వచ్చినా దృష్టి ఎక్కువగా స్కానింగ్ యంత్రాలు, ఇంప్లాంట్ల మీదే పడింది. పాథాలజీ బల్ల మీది పరికరాలు ఆ చర్చలో వెనకబడ్డాయి.

నిజానికి మైక్రోటోమ్ తయారీ దేశానికి కొత్త కాదు. హర్యానాలోని అంబాలాలో శాస్త్ర పరికరాలు తయారుచేసే చిన్న సంస్థలు ఎన్నో ఏళ్లుగా వీటిని చేస్తున్నాయి. కాలేజీ ల్యాబ్‌ల నుంచి చిన్న ఆసుపత్రుల దాకా అవే కనిపిస్తాయి. వాటికి లేనిది కొలత, నమోదు. వాటిని జోడించే ఎలక్ట్రానిక్స్ నైపుణ్యం దేశంలో ఉంది. విశాఖలోని ఏపీ మెడ్‌టెక్ జోన్, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లోని వైద్య పరికరాల పార్కు ఇలాంటి ప్రయోగాలకు తగిన చోట్లు.

కోత విద్యలో దేశం ఎంత దూరం వెళ్లగలదో చూపే ఉదాహరణ చెన్నైలో ఉంది. ఐఐటీ మద్రాస్‌లోని సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ గర్భస్థ శిశువుల మెదళ్లను పలుచటి పొరలుగా కోసి, 5,132 పొరల డిజిటల్ చిత్రాలతో ధరణి పేరిట 2024 డిసెంబరులో ప్రపంచ పరిశోధకులకు అందుబాటులో ఉంచింది. మొత్తం మెదడును వరుస తప్పకుండా, చిరగకుండా కోయగలిగిన చోట, వేలి గోరంత బయాప్సీని కాపాడే పరికరం తయారు చేయడం అసాధ్యమేమీ కాదు. పరిశోధన కేంద్రంలోని నైపుణ్యం జిల్లా ల్యాబ్ బల్ల మీదకు చేరే దారి ఎవరూ వేయకపోవడమే లోపం.

టెక్నీషియన్ మాటేమిటి

ఈ చర్చలో అందరికంటే తక్కువగా వినిపించే గొంతు టెక్నీషియన్‌ది. రోజంతా వంగి కూర్చుని చక్రం తిప్పే వాళ్లకు భుజం, మణికట్టు, మెడ నొప్పులు మామూలే. బ్లేడు వేలికి తెగడం ఈ వృత్తిలో అరుదైన సంగతేమీ కాదు. పక్కనే ఫార్మలిన్, జైలీన్ ఆవిర్లు. ఫార్మలిన్‌లోని ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. యంత్రం చక్రం తిప్పే శ్రమను తగ్గిస్తే దాన్ని మొదట ఆహ్వానించేది వాళ్లే.

భయం మరోచోట ఉంది. ప్రతి కోతా నమోదైతే ఆ లెక్కలు ఎవరి చేతికి వెళతాయి? పొర పాడైనప్పుడు కారణం వెతకడానికి వాడితే మంచిదే. గంటకు ఎన్ని బ్లాక్‌లు కోశారని తరిమేందుకు, తప్పు మోపేందుకు వాడితే టెక్నీషియన్ ఆ కెమెరాకు అడ్డుగా చేయి పెడతారు. నిజానికి ఆ నమోదు టెక్నీషియన్‌కు రక్షణ కూడా కాగలదు. కణజాలం ముందే పాడై వచ్చిందని, బ్లేడు మార్చమని యంత్రం చెప్పినా స్టాకు లేదని, తొట్టి ఉష్ణోగ్రత పడిపోయిందని లెక్కల్లో ఉంటే తప్పంతా ఆఖరి మనిషి మీదకు రాదు.

అనుబంధ వైద్య వృత్తుల కోసం 2021లో జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ అందులో ఉంది. సిలబస్‌లో సెన్సర్ లెక్కలను చదవడం, యంత్రం ఆగినప్పుడు చేత్తో కోయడం రెండూ ఉండాలి. చేతి విద్య ఒక తరంతో పోతే, యంత్రం ఆగిన రోజు ల్యాబ్ కూడా ఆగుతుంది.

టెండరులో అడగాల్సినవి

ప్రభుత్వాలు పరికరం కొనేటప్పుడు సాధారణంగా అడిగేది ధర, వేగం, వారంటీ. ఈ పరికరాల విషయంలో అడగాల్సిన ప్రశ్నలు వేరు. మళ్లీ కోయాల్సి వచ్చిన బ్లాక్‌లు నూటికి ఎన్ని? పరీక్షలన్నీ పూర్తి కాకముందే కణజాలం అయిపోయిన బయాప్సీలు ఎన్ని? గడ్డ తీసిన రోజు నుంచి రిపోర్టు చేతికి వచ్చే దాకా ఎన్ని రోజులు? ఈ మూడు అంకెలు యంత్రం రాకముందు, వచ్చాక ఎలా ఉన్నాయో చూపాలని షరతు పెట్టాలి. నమోదైన సమాచారం ల్యాబ్ సొత్తుగా ఉండాలి, అమ్మిన సంస్థ తాళం వేసుకోకూడదు. మామూలు బ్లేడ్లతో పనిచేయాలి. మరమ్మతు రాష్ట్రంలోనే దొరకాలి.

ఈ అంకెల్ని లెక్కించడానికి ఏ యంత్రమూ కొనక్కర్లేదు. ఒక రిజిస్టరు చాలు. నాణ్యత గుర్తింపు కోసం ఐఎస్ఓ 15189 ప్రమాణాన్ని పాటించే ల్యాబ్‌లు తమ పని తీరును కొలిచే సూచికలు పెట్టుకోవాల్సిందే. వాటిలో ఈ మూడింటినీ చేర్చి, ప్రభుత్వ క్యాన్సర్ కేంద్రాలన్నీ ఏటా ప్రకటిస్తే చాలు, సమస్య ఎక్కడెంత ఉందో తేలిపోతుంది. ఎక్కడ బార్‌కోడ్ సరిపోతుందో, ఎక్కడ కెమెరా కావాలో, ఎక్కడ నిజంగా రోబో అవసరమో అప్పుడు ఊహతో కాక లెక్కతో నిర్ణయించవచ్చు. ఆ లెక్క లేకుండా కొన్న యంత్రం ప్రారంభోత్సవం ఫొటోకే పనికొస్తుంది. దారప్పోగంత ముక్క ఇచ్చి రిపోర్టు కోసం ఎదురుచూస్తున్న రోగికి దాని వల్ల ఒరిగేది ఉండదు.